ఏ చోట ఎంత ఎత్తు?

1997 ఆగస్టు 6, అర్ధరాత్రి దాటింది. పసిఫిక్ సముద్రంలో అమెరికా పాలనలో ఉన్న గ్వామ్ దీవిలో వాన పడుతోంది. సియోల్ నుంచి వచ్చిన కొరియన్ ఎయిర్ 801, బోయింగ్ 747, దిగడానికి వస్తోంది. అక్కడి గ్లైడ్‌స్లోప్, అంటే దిగే వాలును చూపే రేడియో పరికరం, అప్పుడు పనిచేయడం లేదు. రన్‌వే గీత మీద ఉన్నామో లేదో లోకలైజర్ చెబుతుంది గానీ, ఏ వాలులో దిగాలో చెప్పే సంకేతం లేదు. ఇలా దిగడాన్నే నాన్-ప్రెసిషన్ అప్రోచ్ అంటారు.

అలాంటప్పుడు పైలట్లకు దిక్కు చార్టులోని కనీస ఎత్తులే. అక్కడ నిమిట్జ్ హిల్ అనే కొండ మీద వీఓఆర్ అనే, విమానాలకు దారి చూపే రేడియో కేంద్రం ఉంది. దానికి 1.6 నాటికల్ మైళ్ల దూరానికి వచ్చేదాకా 2,000 అడుగుల కిందికి పోకూడదు. ఆ కేంద్రం దాటేదాకా 1,440. దాటాక 560. దూరం కొలిచే డీఎంఈ చాలా విమానాశ్రయాల్లో రన్‌వే పక్కనే ఉంటుంది. గ్వామ్‌లో మాత్రం రన్‌వేకు 3.3 నాటికల్ మైళ్ల ముందే, ఆ కొండ మీద ఉంది. అంటే డీఎంఈ సున్నా చూపినప్పుడు విమానం కింద ఉండేది రన్‌వే కాదు, కొండ.

విమానం ఒక్కో హద్దునూ ముందే దాటి దిగుతూ పోయి, దాదాపు 650 అడుగుల ఎత్తున ఆ కొండనే తాకింది. 254 మందిలో 228 మంది చనిపోయారు. తాము రన్‌వేకు నిజంగా ఉన్నదానికంటే దగ్గరగా ఉన్నామని కెప్టెన్ పొరబడి ఉండొచ్చని అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ భావించింది. 560 అడుగులు సురక్షితమైన ఎత్తే, కొండ దాటాక. చోటు తెలియకుండా ఎత్తు ఒక్కటే తెలిస్తే అది మనుషుల్ని కాపాడలేదు. ఈ ప్రమాదం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడే మనసు ఆగిపోతుంది.

అసలు ఆ కనీస ఎత్తులు పుట్టేది కూడా చోటు లెక్కలోంచే. వీఓఆర్ చూపే దారిలో 5.2 డిగ్రీల వరకు, అంతకంటే పాతరకం రేడియో కేంద్రమైన ఎన్‌డీబీ చూపే దారిలో 6.9 డిగ్రీల వరకు తేడా రావచ్చని అంతర్జాతీయ నిబంధనలు లెక్కగడతాయి. కేంద్రానికి 10 నాటికల్ మైళ్ల దూరంలో మొదటిది సుమారు 1.7 కిలోమీటర్లు, రెండోది 2.2 కిలోమీటర్లు పక్కకు జరగడమే. అందుకని దారికి రెండు పక్కలా అంతకు మించిన వెడల్పున ప్రతి గుట్టనూ, టవర్‌నూ లెక్కలోకి తీసుకుంటారు. వాటిలో అన్నిటికంటే ఎత్తైనదాని మీద, ఆఖరి దశలో సాధారణంగా 75 మీటర్ల ఎడం వదులుతారు. పరికరం ఎంత మొరటుదైతే లెక్కలోకి అంత ఎక్కువ నేల వస్తుంది, కనీస ఎత్తు అంత పెరుగుతుంది. ఉపగ్రహాల సాయంతో దిగే ఆర్‌ఎన్‌పీ పద్ధతిలో, ఆఖరి దశలో విమానం కనీసం 95 శాతం సమయం తన దారికి 0.3 నాటికల్ మైలు లోపలే ఉండాలి. అది దాదాపు 555 మీటర్లు. పక్కనున్న కొండ లెక్కలోంచి తప్పుకుంటే విమానం ఇంకా కిందికి వచ్చి రన్‌వే కోసం చూడగలుగుతుంది.

పాత అలవాటు ఒకటుండేది: ప్రతి హద్దు దగ్గరా గబగబా దిగి, సమంగా ఎగిరి, మళ్లీ దిగడం. మబ్బుల్లో, నేలకు దగ్గరగా అలా పదేపదే ఇంజన్ శక్తి మార్చుతూ పోవడం ప్రమాదకరమనే నా అభిప్రాయం. ఇప్పుడు ఎయిర్‌లైన్లు సుమారు 3 డిగ్రీల ఒకే వాలులో, నాటికల్ మైలుకు దాదాపు 318 అడుగుల చొప్పున దిగమంటున్నాయి. ఫలానా దూరంలో ఫలానా ఎత్తు అని పట్టికతో సరిచూసుకుంటూ రావడంతో తప్పు తొందరగా బయటపడుతుంది.

గ్వామ్‌లో నేల మీది రాడార్‌కు కూడా విమానం మరీ కిందికి వస్తే హెచ్చరించే వ్యవస్థ ఉంది. అనవసరపు హెచ్చరికలు ఎక్కువయ్యాయని దాన్ని దాదాపు మొత్తం పరిధిలో ఆపేసి ఉంచారు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి. తర్వాతి కాలంలో విమానాల్లోకి వచ్చిన టాస్ పరికరం, విమానం ఎక్కడుందో చూసుకుని, తనలో దాచుకున్న నేల పటంతో పోల్చి, ముందున్న కొండను ముందే చెబుతుంది.

మన దేశంలో గగన్ వ్యవస్థ జీపీఎస్ సంకేతాల్లోని తప్పులను సరిదిద్ది, నేల మీద గ్లైడ్‌స్లోప్ లేకపోయినా దిగే వాలును చూపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఈ పద్ధతిలోనే దిగింది.