ఆగస్టులోనే తేలిపోయే ఎన్నికలు: దక్షిణ కరోలినా నేపథ్యం

1924 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికకు దక్షిణ కరోలినాలో పోలైన ఓట్లు 50 వేల పైచిలుకు. ఆ రాష్ట్ర జనాభా అప్పటికి దాదాపు 17 లక్షలు. పడిన ప్రతి వంద ఓట్లలో 96 డెమోక్రటిక్ పార్టీవే. ప్రతినిధుల సభకు వెళ్లిన ఏడుగురూ ఆ పార్టీవాళ్లే. అసలు పోటీ వేసవి చివర జరిగే పార్టీ ప్రైమరీలోనే, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ సొంత ఎన్నికలోనే, అయిపోయేది. అక్కడ టికెట్ దక్కితే సీటు దక్కినట్టే. నవంబరు పోలింగ్ వట్టి లాంఛనం.

ఇది ఏళ్ల తరబడి పట్టుబట్టి కట్టిన ఏర్పాటు. 1882 చట్టం ఒక్కో పదవికి ఒక్కో బ్యాలెట్ పెట్టె పెట్టింది. చీటీ వేరే పెట్టెలో పడితే ఆ ఓటు చెల్లదు. చదువు రానివాళ్లకు ఏ పెట్టె ఏ పదవిదో తెలిసే దారి లేదు. బానిసత్వంలో చదువుకోనివ్వని మనుషులకు పెట్టిన పరీక్ష అది. ఆ తర్వాత డెమోక్రటిక్ నాయకుడు బెన్ టిల్‌మన్ పట్టుబట్టి తెచ్చిన 1895 రాష్ట్ర రాజ్యాంగం ఇంకా ముందుకెళ్లింది. ఓటేయాలంటే రెండేళ్ల నివాసం, ముందే కట్టాల్సిన ఓటు పన్ను, చదవడం రాయడం, లేదంటే 300 డాలర్ల ఆస్తి. ఆ రాజ్యాంగం రాసిన సభలో నల్లజాతి సభ్యులు ఆరుగురే. వాళ్లలో ఒకరైన రాబర్ట్ స్మాల్స్ మాజీ కాంగ్రెస్ సభ్యుడు. వాళ్లు ఎంత వాదించినా ఆగలేదు. రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌లో మిగిలిన ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు జార్జ్ వాషింగ్టన్ మర్రే 1897లో ప్రతినిధుల సభ వీడారు.

1896 నుంచి డెమోక్రాట్లు రాష్ట్రమంతా ప్రైమరీ పెట్టారు. నల్లజాతి మనిషి అందులో ఓటేయాలంటే పార్టీ పెట్టిన షరతు చదివితే మనసు మండిపోతుంది. 1876లో డెమోక్రటిక్ గవర్నర్ అభ్యర్థి వేడ్ హాంప్టన్‌కు ఓటేసి ఉండాలి, ఆనాటి నుంచి ఒక్కసారీ పార్టీ మారి ఉండకూడదు. ఆ సంగతి తమకు స్వయంగా తెలుసని పదిమంది తెల్లవాళ్లు ప్రమాణం చేసి రాసివ్వాలి. 1876 నాటికి ఓటు వయసు రాని తరానికి ఆ తలుపు పుట్టుకతోనే మూసేసినట్టు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది లెక్కల సంగతి. 1900 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో ఉన్నది 13.4 లక్షల మంది. అందులో 7.8 లక్షలు నల్లజాతివాళ్లు. కాంగ్రెస్‌లో సీట్లు జనాభాను బట్టి వస్తాయి కాబట్టి ఆ 7.8 లక్షల మందినీ లెక్కలో చేర్చుకునే ఏడు సీట్లు తీసుకున్నారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్లు లేనట్టే. ఓటు హక్కు కాజేసిన రాష్ట్రానికి సీట్లు తగ్గించాలని 14వ రాజ్యాంగ సవరణలో స్పష్టంగా ఉంది. దాన్ని ఎప్పుడూ అమలు చేయలేదు.

పైగా పోటీ లేని సీట్లు వాషింగ్టన్‌లో బలంగా మారాయి. ఏళ్ల తరబడి ఓడిపోని సభ్యుడికి సీనియారిటీ మీద కమిటీ అధ్యక్ష పీఠం దక్కేది. ఎల్లిసన్ స్మిత్ 1909 నుంచి 1944 దాకా సెనేటర్‌గానే ఉన్నారు.

1944 ఏప్రిల్‌లో టెక్సస్ కేసులో సుప్రీంకోర్టు తెల్లవాళ్లకే పరిమితమైన ప్రైమరీని కొట్టేసింది. దక్షిణ కరోలినా వెంటనే ప్రత్యేక సమావేశం పెట్టి, ప్రైమరీల ఊసున్న చట్టాలన్నీ రద్దు చేసింది. ప్రభుత్వ ప్రమేయమే లేకపోతే అది ప్రైవేటు క్లబ్ వ్యవహారమని వాళ్ల వాదన. కొలంబియాకు చెందిన వ్యాపారి జార్జ్ ఎల్‌మోర్ దీనిపై కోర్టుకెక్కారు. ఆయన తరఫు లాయర్లలో థర్‌గుడ్ మార్షల్ ఒకరు. చార్లెస్టన్‌లో పుట్టి పెరిగిన తెల్లజాతి జడ్జి వేటీస్ వేరింగ్ 1947 జులైలో ఎల్‌మోర్ పక్షాన తీర్పిచ్చారు. సొంత ఊరు ఆయన్ని వెలేసినంత పని చేసింది. 1952లో రిటైరై న్యూయార్క్ వెళ్లిపోయారు.

1948 ఆగస్టు ప్రైమరీలో దాదాపు 35 వేల మంది నల్లజాతి ఓటర్లు ఓటేశారు. మర్రే తర్వాత ఆ రాష్ట్రం నుంచి మరో నల్లజాతి సభ్యుడు, జిమ్ క్లైబర్న్, ప్రతినిధుల సభలో అడుగుపెట్టింది మాత్రం 1993లో.