పెద్దపేగులో కునుకు తీసే వాచ్‌మన్

"పాలు తాగితే కడుపు ఉబ్బరం, పెరుగన్నం తింటే ఏమీ కాదు. ఎందుకండీ?" అని ఒక పాఠకురాలు అడిగారు. మా అమ్మమ్మ అయితే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది. పెరుగు సంగతి తేలికే: తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్ అనే పాలచక్కెరలో కొంత ముందే తినేస్తాయి. నాకు సరదా పాల దగ్గరే. మనకు అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ వదులుతాయి. ఆ గుంపులో ఈ.కొలై వాటా కొంచెమే గానీ, లాక్టోజ్ వచ్చిందని అది పసిగట్టే తీరు మనకు బాగా తెలుసు.

దాని డీఎన్ఏలో లాక్టోజ్ కోసం మూడు జన్యువులు వరుసగా ఉంటాయి. ఒకటి లాక్టోజును కోసే ఎంజైముకి, ఇంకొకటి దాన్ని లోపలికి లాగే ద్వారానికి. మూడోదాన్ని వదిలేద్దాం. వీటి ముందు రిప్రెసర్ అనే ప్రొటీన్, గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకున్న వాచ్‌మన్‌లా బైఠాయిస్తుంది. లాక్టోజ్ నుంచి పుట్టే అల్లోలాక్టోజ్ వచ్చి అంటుకుంటే దాని ఆకారం మారి పట్టు జారుతుంది. ఎంజైము దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది.

తిరకాసు ఇక్కడే. లాక్టోజ్ లోపలికి రావాలంటే ద్వారం ఉండాలి. ద్వారం తయారవ్వాలంటే లాక్టోజ్ ముందే లోపల ఉండాలి. పైగా దాన్ని అల్లోలాక్టోజుగా మార్చేది కూడా ఆ ఎంజైమే! పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు. ఇంటర్‌లో ఈ జన్యువుల వరుస బొమ్మను ఐ, పీ, ఓ, జెడ్, వై, ఏ అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఈ అనుమానం క్లాసులో ఒక్కరికీ రాలేదు, నాతో సహా.

వాచ్‌మన్ కునుకు తీస్తాడు, అదీ కిటుకు. కణానికి ఓ పది రిప్రెసర్లుంటాయి. పట్టుకున్నది అప్పుడప్పుడూ డీఎన్ఏ నుంచి ఊడి, మళ్లీ పట్టుకుంటుంది. ఆ కాస్త సందులోనే ఒకటీ అరా ద్వారాలు, ఎంజైములు తయారైపోతాయి. తొలి లాక్టోజ్ వాటిగుండానే దూరుతుంది. అది ఇంకొన్ని ద్వారాలు చేయిస్తుంది, వాటిలోంచి ఇంకొంత వస్తుంది. ఈ లీకేజీయే లేకపోతే ఎదురుగా పాల చెరువున్నా ఈ.కొలై పస్తే.

గ్లూకోజ్ ఉంటే మాత్రం కథ వేరు. అది కణంలోకి వస్తున్నంతసేపూ లాక్టోజ్ ద్వారం పని చేయదు. అది తగ్గాక సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువు పెరిగి, సీఏపీ అనే ప్రొటీనుతో జతకట్టి, జన్యువుల్ని చదివే ఎంజైము ఆర్ఎన్ఏ పాలిమరేజును వాటి ముందుకు లాక్కొచ్చి కూర్చోబెడుతుంది.

ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1940ల మొదట్లో పారిస్‌లో బ్యాక్టీరియాకు గ్లూకోజుతో పాటు ఇంకో చక్కెర కలిపి పెట్టాడు. ఎదుగుదల గీత పైకెక్కింది, మధ్యలో చదునుగా ఆగింది, మళ్లీ ఎక్కింది. ఫ్రాన్స్వా జాకబ్‌తో కలిసి 1961లో గేటు సంగతి వివరించాడు, 1965లో ఇద్దరికీ ఆండ్రే ల్వోఫ్‌తో పాటు నోబెల్ వచ్చింది. నన్నడిగితే ఆ బహుమతి గీతలోని చదును ముక్కకే: గ్లూకోజ్ విస్తరి ఖాళీ అయ్యాక, రెండో గేటు తెరుచుకునేదాకా బ్యాక్టీరియా ఆకలితో నిలబడ్డ ఆ కాసేపు.