పల్స్ ఎప్పుడొచ్చింది? అతివేగ ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ వెనుక కథ

ఇనుము పరమాణువు లోపలి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే ఎక్స్‌రేకు సుమారు 7,112 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. శోషణ మొదలయ్యే ఆ అంచు కాస్త జరిగిందంటే ఆ ఇనుము చుట్టూ ఏదో మారిందన్నమాట. ఆ మార్పును జరుగుతుండగానే పట్టుకునేదే అతివేగ ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ. చుట్టూ ఎంత ద్రావణి (నమూనాను కరిగించిన ద్రవం) ఉన్నా కబురు మాత్రం ఇనుముదే.

రసాయన శాస్త్రవేత్త అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ తెచ్చిన పద్ధతే ఇక్కడా: ఒక లేజర్ పల్స్‌తో కదిలించడం, కాస్త ఆగి మరో పల్స్‌తో చూడటం. ఇక్కడ ఆ రెండో పల్స్ ఎక్స్‌రేది. చిక్కల్లా దాని నిడివే. ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్‌రేలు రాబట్టే సింక్రోట్రాన్ యంత్రంలో పల్స్ 100 పికోసెకండ్ల దాకా ఉంటుంది (పికోసెకండంటే సెకండులో లక్ష కోట్ల వంతు). బంధాలు అందులో వెయ్యో వంతు కాలంలోనే కదిలిపోతాయి. 2000లో బర్క్‌లీలో ఎలక్ట్రాన్ గుంపు నుంచి లేజర్‌తో సన్నని ముక్క కోసి 300 ఫెమ్టోసెకండ్ల పల్స్ రాబట్టారు (ఫెమ్టోసెకండంటే పికోసెకండులో వెయ్యో వంతు). కాంతి బొటాబొటి. అయినా 2009లో స్విట్జర్లాండ్‌లో ఆ కోత పద్ధతితోనే, ఒక ఇనుము-బైపిరిడిన్ సమ్మేళనంలో కాంతి తగిలిన సుమారు 150 ఫెమ్టోసెకండ్లకే ఇనుము-నైట్రోజన్ బంధాలు 0.2 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) సాగుతాయని తేల్చారు.

అదే ఏడాది కాలిఫోర్నియాలో ఎల్‌సీఎల్‌ఎస్ ఎక్స్‌రే లేజర్ వెలిగింది. కాంతి కరువు తీరింది, కొత్త తలనొప్పి మొదలైంది. పల్స్ కొన్ని పదుల ఫెమ్టోసెకండ్లే, కానీ అది వచ్చే వేళ వంద ఫెమ్టోసెకండ్లకు పైగా అటూఇటూ ఊగుతుంది. అప్పుడిక పొట్టి పల్స్ ఉండీ ఏం లాభం? దీనికి విరుగుడుగా ఎక్స్‌రేను పల్చని సిలికాన్ నైట్రైడ్ పొర గుండా పంపుతారు. తగిలిన క్షణాన పొర వక్రీభవన గుణకం (కాంతిని వంచే తీరు) మారుతుంది. రంగులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా సాగదీసిన తెల్లకాంతి కూడా అదే చోట దాటుతుంది. వర్ణపటంలో ఏ రంగు దగ్గర మెట్టు పడిందో అదే ఎక్స్‌రే వచ్చిన వేళ. షాట్ షాట్‌కూ ఆ వేళ రాసుకుని, కొలతలను తర్వాత వరుసలో పేరుస్తారు. నా లెక్కలో ఈ రంగాన్ని నిలబెట్టింది ఈ చిన్న పొరే.

ఇక నమూనా పెట్టే తంటాలు. 100 మైక్రాన్ల నీటిధారలో లేజర్ కాంతి ఎక్స్‌రే కన్నా దాదాపు 110 ఫెమ్టోసెకండ్లు వెనకబడుతుంది, దాంతో వేళ మసకబారుతుంది. ధార పల్చన చేస్తే సంకేతం తగ్గుతుంది. పోనీ అని లేజర్ బలం పెంచితే నీళ్లే అయనీకరణ చెందుతాయి. బలానికి తగ్గట్టు సంకేతం సరళరేఖలో పెరుగుతోందో లేదో ముందే చూసుకోకపోతే, ఆ చెత్తనే కొత్త విషయమనుకునే ప్రమాదముంది.

ఎల్‌సీఎల్‌ఎస్ మొదట సెకండుకు 120 పల్స్‌లు ఇచ్చేది. 2017లో మొదలైన మరో ఎక్స్‌రే లేజర్, యూరోపియన్ ఎక్స్‌ఎఫ్‌ఈఎల్‌ది 27,000 దాకా. 2023లో వెలిగిన ఎల్‌సీఎల్‌ఎస్-2 లక్ష్యం పది లక్షలు. ఆ వేగంలో కిరణం పడే 50 మైక్రాన్ల మచ్చ కింద ప్రతిసారీ తాజా ద్రవం ఉండాలంటే ధార సెకండుకు కనీసం 50 మీటర్లు పరుగెత్తాలి.