పెరటి వాతావరణ కేంద్రం: చెన్నై ఇళ్లలో తరచు వినే అపోహలు, వాస్తవాలు

చాలా ఏళ్లుగా చెన్నైలో ఇళ్లలోను, బడులలోను చిన్న వాతావరణ కేంద్రాలు అమర్చి, వాటి లెక్కలు సరిచూసే పని చేస్తున్నాను. ఏటా ఈశాన్య రుతుపవనాలు రాకముందు, పెరంబూరు నుంచి తాంబరం దాకా తెలుగు కుటుంబాలవారు ‘ఒకసారి వచ్చి పెట్టించి వెళ్లండి’ అని పిలుస్తారు. వెళ్లిన ప్రతిచోటా దాదాపు ఒకే రకమైన నమ్మకాలు ఎదురవుతున్నాయి గనుక వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను.

అపోహ: ఖరీదైన పరికరం కొంటే కొలతలు వాటంతటవే సరిగా వస్తాయి.

ఎక్కువ డబ్బు వృథా చేయించే నమ్మకం ఇదే. ఉష్ణోగ్రత సెన్సర్ తన చుట్టూ ఉన్న గాలి వేడిని కొలవాలి. ఎండలో పెడితే అది గాలి వేడిని కాక, ఎండకు కాగిన తన ఒంటి వేడినే చూపుతుంది. అందుకే 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ తెల్లరంగు వేసిన, గాలి ఆడే రెక్కల చెక్కపెట్టెను రూపొందించారు, ప్రపంచమంతటా వాతావరణ శాఖలు దానిని అనుసరించాయి. నేడు ఇళ్లకు వచ్చే పరికరాలలో దొంతరగా పేర్చిన తెల్లని ప్లాస్టిక్ పళ్లేలు చేసే పని అదే. ఆ కవచం లోపల ఉన్న మామూలు సెన్సర్, కవచం లేని ఖరీదైన సెన్సర్ కన్నా నమ్మదగినదని నేను ఎన్నోసార్లు పక్కపక్కన పెట్టి చూశాను.

కవచం ఉన్నంత మాత్రాన సరిపోదు. చెన్నైలో పెరడు అంటే చాలా ఇళ్లకు ఒక బావి, రెండు కొబ్బరి చెట్లు, బట్టలారేసే తీగ పట్టేంత జాగా మాత్రమే. అందువల్ల చాలామంది సెన్సర్‌ను మేడ మీదికి, ఇక్కడివారి మాటలో మొట్టమాడికి, ఎక్కిస్తారు. పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది కాబట్టి అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రత ఎప్పుడూ ఎక్కువగానే కనబడుతుంది. వీలైతే మట్టి లేదా గడ్డి నేల మీద, గోడలకు దూరంగా, 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో పెట్టడం మంచిది. ఒక ఇంట్లో రోజూ రాత్రి పది దాటగానే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరిగేది. పరికరం చెడిపోయిందని ఆ ఇంటివారు దానిని మార్చేశారు, కొత్తదీ అలాగే చూపింది. పడకగది ఏసీ బయటి యూనిట్ వదిలే వేడిగాలి నేరుగా సెన్సర్‌కు తగులుతోందని తెలుసుకోవడానికి ఒక రాత్రి అక్కడ నిలబడి చూడటం సరిపోయింది.

అమరిక బాగుందో లేదో చెప్పే సహజమైన పరీక్ష చెన్నైవాసులకు సముద్రమే ఇచ్చింది. వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే ఉష్ణోగ్రత చప్పున తగ్గి, తేమ పెరిగి, గాలి తూర్పు నుంచి వీచడం మొదలవ్వాలి. మీ గ్రాఫులో ఆ మెట్టు స్పష్టంగా కనబడకపోతే సెన్సర్‌కు గాలి అందడం లేదని అనుమానించాలి.

అపోహ: మా ఇంటి వాన లెక్క నుంగంబాక్కంలోని అధికారిక వాతావరణ కేంద్రం లెక్కతో కలవకపోతే మాదే తప్పు.

వాన ఊరంతా ఒకేలా కురవదు. 2015 డిసెంబరు 2 ఉదయం వరకు గడిచిన 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిస్తే, నుంగంబాక్కంలో నమోదైనది 29. రెండూ సరైన లెక్కలే. మన పెరటి వర్షమాపకానికి విలువ వచ్చేది సరిగ్గా ఇందువల్లనే, ఎందుకంటే రెండు అధికారిక కేంద్రాల నడుమ ఎక్కడెంత కురిసిందో చెప్పగలిగేది అదే.

అయితే లెక్కలను పోల్చేముందు గడియారం చూసుకోవాలి. భారత వాతావరణ శాఖకు వాన రోజు ఉదయం 8:30 నుంచి మరునాటి ఉదయం 8:30 వరకు, ఇళ్లలోని చాలా పరికరాలకు మాత్రం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. రాత్రిపూట జోరువాన పడే ఈ ఊళ్లో ఈ తేడా ఒక్కటే రెండు లెక్కలను ఎక్కడికో తీసుకుపోతుంది.

నిజమైన తప్పులు వేరే ఉన్నాయి. కొబ్బరి మట్టల కింద పెట్టిన మాపకం కొంత వానను పోగొట్టుకుని, మట్టల నుంచి జారే ధారను కలుపుకుంటుంది. చెట్టు గాని గోడ గాని ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో మాపకం ఉండాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే మాపకాలలో చిన్న తొట్టి నిండి ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. కుండపోతగా కురిసేటప్పుడు తొట్టి ఒరిగే ఆ క్షణంలో పడిన నీరు లెక్కకు రాకుండా పోవడం వల్ల మొత్తం తక్కువగా తేలుతుంది. తుపాను రోజుల్లోనే, అంటే సరైన లెక్క అత్యవసరమైనప్పుడే, ఈ లోపం పెరుగుతుంది. కాబట్టి పక్కనే, గీతలున్న మామూలు గాజు లేదా ప్లాస్టిక్ మాపకాన్ని కూడా ఉంచాలని నేను పట్టుబడతాను. రెండింటిలో తేడా వస్తే నేను నమ్మేది రెండోదానినే.

సరిచూసే పద్ధతి కష్టమైనది కాదు. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మీ గరాటు మూతి వ్యాసం 20 సెంటీమీటర్లైతే 314 మిల్లీలీటర్ల నీరు 10 మిల్లీమీటర్ల వానకు సమానం. ఆ నీటిని బొట్లుబొట్లుగా, అరగంటకు పైగా సమయం తీసుకుని వదిలి, పరికరం ఎంత చూపిందో రాసుకోవాలి. 8 మాత్రమే చూపితే, అమరికలను సవరించేముందు లోపల సాలెగూడు, కాకిరెట్ట, చీమలపుట్ట ఉన్నాయేమో చూడండి. నా అనుభవంలో సగానికి పైగా ఫిర్యాదులు అక్కడే తీరిపోయాయి.

అపోహ: బారోమీటర్ ముల్లు దిగితే తుపాను వస్తున్నట్లే.

ఉష్ణమండలంలో వాయుపీడనం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువగాను, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువగాను ఉంటుంది. ఉదయం నుంచి సాయంత్రానికి మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు (వాయుపీడనానికి కొలమానం) తగ్గడం ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా జరిగేదే. అందువల్ల ఇప్పటి విలువను ఉదయపు విలువతో కాక, నిన్న ఇదే సమయపు విలువతో పోల్చాలి. అల్పపీడనం సమీపిస్తున్నప్పుడు ఆ 24 గంటల తేడా గంటగంటకూ పెద్దదవుతుంది.

ఇంకొకటి, ఎత్తు సవరణ. బెంగళూరులో ఉండే బంధువుల పరికరం 910 చూపుతోందని, అక్కడ ఏదో ఉపద్రవం రాబోతోందని కంగారుపడి నాకు ఫోను చేసినవారున్నారు. ఎత్తు పెరిగేకొద్దీ పీడనం తగ్గుతుంది, ఆ నగరం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఆ విలువ సహజమే. సముద్రమట్టానికి సవరించిన విలువలనే ఒకదానితో ఒకటి పోల్చాలి. చెన్నైలో ఈ సవరణ ఎనిమిది మీటర్లకు సుమారు ఒక హెక్టోపాస్కల్ చొప్పున స్వల్పమే గాని, మూడో అంతస్తులో ఉండేవారు దానిని మరచిపోకూడదు.

అపోహ: తేమ సెన్సర్‌ను ఇంట్లో పరీక్షించలేము.

వంటింటి ఉప్పు చాలు. చిన్న మూతలో ఉప్పు వేసి, ముద్దగా తడిసేంత నీరు మాత్రమే కలిపి, సెన్సర్‌తో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచితే, లోపలి తేమ 75 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. తడి ఉప్పు సెన్సర్‌కు తగలకూడదు. సముద్రతీరానికి దగ్గరగా ఉన్నవారు ఏటా ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే ఉప్పుగాలికి ఈ సెన్సర్లు త్వరగా గతి తప్పుతాయి.

అపోహ: పెరట్లోనే గాలివేగమూ కొలవవచ్చు.

కొలవవచ్చు గాని అది పెరటి గాలి మాత్రమే. ప్రమాణం ప్రకారం గాలిని బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున కొలవాలి. మేడ మీద స్తంభం నిలిపితే తీగలతో గట్టిగా లాగికట్టండి, విద్యుత్ తీగలకు దూరంగా ఉంచండి. కట్టు మీద నమ్మకం లేకపోతే తుపాను హెచ్చరిక రాగానే దించేయండి.

అపోహ: విదేశం నుంచి పిల్లలు పంపిన పరికరమైతే మరీ మంచిది.

అమెరికాలో అమ్మే పరికరాలు సెన్సర్ కొలతలను తెరకు పంపడానికి చాలావరకు 915 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను వాడతాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఆ తరంగాలకు అనుమతి లేదు, 865-868 మెగాహెర్ట్జ్‌కు ఉంది. కొనేముందే ఇది అడిగి తెలుసుకోవాలి.

అపోహ: ఇంట్లో కేంద్రం ఉంటే రేపటి వాన ముందే తెలుస్తుంది.

తెలియదు. తెర మీద కనబడే మేఘాల బొమ్మ చాలా పరికరాలలో పీడనం పెరుగుదల, తగ్గుదలను బట్టి వేసిన అంచనా మాత్రమే. రాబోయే గంటల కోసం రాడార్ చిత్రాలను, రాబోయే రోజుల కోసం వాతావరణ శాఖ ప్రకటనలను చూడాలి. ఇంటి కేంద్రం చెప్పేది జరిగినదాని లెక్క. ఆ లెక్క ఏళ్ల తరబడి ఒకేచోట, ఒకే తీరున సాగితేనే పనికొస్తుంది. నుంగంబాక్కంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీ గ్రానైట్ స్తంభం ఉంది. దాని మీద తమిళంతో పాటు తెలుగు అక్షరాలు కూడా చెక్కి ఉన్నాయని చాలామంది తెలుగువారికి తెలియదు, అందుకే నేను అమర్చిన ప్రతి ఇంట్లోనూ ఆ మాట తప్పక చెబుతాను. అలాగే ఒక నోటుపుస్తకం కూడా ఇచ్చి వస్తాను. సెన్సర్‌ను ఒక మూల నుంచి మరో మూలకు జరిపినా, గరాటు కడిగినా, పక్క ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు లేచినా, కొబ్బరిచెట్టు కొట్టించినా, అదే రోజున తేదీ వేసి అందులో రాయమంటాను.