సొన లేని సంచి

ఆరోవారం స్కానింగ్‌కి మా వదినను బరంపురం తీసుకెళ్లాను. తెర మీద నల్లటి మచ్చ మధ్యలో తెల్లటి చిన్న ఉంగరం కనిపించింది. డాక్టరమ్మ దాన్ని చూపించి "యోక్ శాక్ బాగుంది" అన్నారు. బయటికొచ్చాక వదినకు టెన్షన్ మొదలైంది. "యోక్ శాక్ అంటే పచ్చసొన సంచి కదా, గుడ్డులో ఉండేది. నా కడుపులో సొన ఉండటమేంటి? నువ్వు బయాలజీ చెప్తావుగా, చెప్పు."

మంచి ప్రశ్న. జవాబు చెప్పడానికి ఋషికుల్య తాబేళ్ల దగ్గర మొదలుపెట్టాను.

మాది గంజాం జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, పొడంపేట వైపు జాలరి కుటుంబాలు కూడా చాలావరకు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. శాస్త్రవేత్తల లెక్కలోకి ఈ తీరం వచ్చింది 1994లో. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయి. కొన్ని సంవత్సరాల్లో మాత్రం ఆ గుంపు అసలే రాదు.

ఒక రాత్రి దగ్గరగా చూశాను. తాబేలు వెనక తెడ్డుకాలును గరిటెలా వంచి ఇసుక తోడి పక్కన పోసింది. తర్వాత రెండో కాలు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మూరెడు లోతయ్యాక కాలు అందలేదు, ఆగింది. జిగురు కారుతూ ఒకటి, రెండు చొప్పున గుడ్లు జారాయి. పింగ్‌పాంగ్ బంతంత ఉన్నాయి. పెంకు కోడిగుడ్డులా పెళుసు కాదు, నొక్కితే తోలులా సొట్టపడుతుంది. నూటికి అటూ ఇటూగా పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపుతూ పొట్టతో దిమ్మిస కొట్టినట్టు దడదడా అణిచింది.

అలలకు కొట్టుకుపోయే చోట పెట్టిన గుడ్లను పైకి మారుస్తుంటే పక్కనున్న పెద్దాయన ఒకటే మాట అన్నాడు. "ఎలాగుందో అలాగే తియ్యాలి బాబూ, తిప్పితే చచ్చిపోద్ది."

అక్షరాలా నిజం. కోడిగుడ్డులో సొనను రెండు తాళ్లు పట్టుకుని ఉంటాయి, అందుకే కోడి గుడ్లను తిప్పుతూ పొదిగినా ఏమీ కాదు. తాబేలు గుడ్డులో ఆ తాళ్లు లేవు. పెట్టిన కొద్ది గంటల్లోనే పిండం పైకి తేలి పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత తిప్పితే అతుకు చిరిగిపోతుంది.

పెట్టే ముందు జరిగేది ఇంకా వింత. తల్లి కడుపులో ఫలదీకరణ అయిన పిండం కొంతదూరం పెరిగి, మూడు పొరలుగా విడిపోవడం మొదలయ్యే దశలో ఆగిపోతుంది. అండవాహికలో ఆక్సిజన్ తక్కువ కావడమే కారణం. ఇసుకలో పడి గాలి తగిలాక మళ్లీ కదులుతుంది. గుంపు కూడేదాకా సముద్రంలో ఎదురుచూసే రిడ్లేకి ఈ ఆగడమే అండ.

మన పిండం అలా ఆగదు. నెలసరి రావాల్సిన రోజు దాటి ఒకటి రెండు రోజులు కాగానే, చాలామంది తల్లులు పరీక్ష కూడా చేసుకోకముందే, అదే మూడు పొరల దశలోకి ఆగకుండా అడుగుపెడుతుంది. పై పొర నుంచి చర్మం, మెదడు, నడిమి పొర నుంచి గుండె, ఎముకలు, రక్తం, లోపలి పొర నుంచి పేగులు, ఊపిరితిత్తుల లోపలి గోడ వస్తాయి. ఫలదీకరణ నుంచి లెక్కేస్తే 22వ రోజుకల్లా గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. 28వ రోజుకల్లా మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం మూసుకుంటుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం తెలిశాక కాదు, గర్భం కోసం అనుకున్నప్పటి నుంచే వేసుకోవాలి. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికీ చేరాలని నా తపన.

ఇంకో మాట కూడా చేరాలి. తాబేలు ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. దాదాపు 29 డిగ్రీల కంటే వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి ఎక్కువ. మనిషిలో తండ్రి వీర్యకణం తెచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమ్‌ను బట్టి తేలుతుంది. మగబిడ్డ దారి పట్టించే ఎస్.ఆర్.వై. జన్యువును 1990లో గుర్తించారు, అది వై మీద ఉంటుంది. ఆడపిల్ల పుట్టిందని కోడలిని నిలదీసే ఇళ్లు మా జిల్లాలో ఇంకా ఉన్నాయి. అది పచ్చి అన్యాయం.

ఇక వదిన అడిగిన సంచి. తాబేలు పిండం గుడ్డులోనే రెండు నెలలకు కాస్త అటూ ఇటూగా పెరగాలి కాబట్టి తిండంతా సొనగా కట్టి ఇస్తుంది తల్లి. మన అండం మిల్లీమీటరులో పదో వంతు, అందులో సొనకు చోటే లేదు. మాయ ద్వారా తిండి అందుతుంది కాబట్టి అవసరమూ లేదు. కానీ మన పూర్వీకులు ఒకప్పుడు గుడ్లు పెట్టినవాళ్లే. సొన తయారుచేసే జన్యువులు మనలో ఇప్పటికీ పాడైపోయి ముక్కలుగా మిగిలున్నాయి. సంచి మాత్రం పాడవలేదు. బిడ్డను తేలియాడించే ఉమ్మనీటి సంచి కూడా తాబేలు గుడ్డులో ఉన్నదే.

సొన లేకపోయినా ఈ సంచి ఖాళీగా కూర్చోదు. బిడ్డకు మొదటి రక్తకణాలు దాని గోడలోనే పుడతాయి. రేపు అండాలుగానో వీర్యకణాలుగానో మారే కణాలు కూడా నాలుగో వారంలో ఆ గోడ మీదే కనిపిస్తాయి, అక్కడి నుంచి పాకుతూ లోపలికి వెళ్తాయి. డాక్టర్లు గర్భం వయసు నెలసరి నుంచి లెక్కేస్తారు కాబట్టి ఆరోవారం స్కానింగ్ అంటే పిండానికి నాలుగు వారాలు. "నీ మనవల తాలూకు కణాలు ఇప్పుడు ఆ ఉంగరం దగ్గరే తిరుగుతున్నాయి వదినా" అన్నాను. వదిన స్కానింగ్ ఫొటో మళ్లీ బయటికి తీసి, బస్సు ఎక్కేదాకా చూస్తూనే ఉంది.

గుడ్లు పగిలే రోజుల్లో మళ్లీ తీరానికి వెళ్లాను. వలపోగులో చిక్కుకున్న ఒక పిల్లను కాపలా కుర్రాడు విడిపిస్తున్నాడు. పొట్టలోకి లాక్కున్న మిగులు సొనతోనే అది సముద్రంలో మొదటి రోజులు గడుపుతుంది. ఎర్ర టార్చి వెలుగులో దాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట నడుమ ఇంకా పూర్తిగా మూసుకోని చిన్న గుర్తు చూపించాడు. "ఇదిగో సార్, బొడ్డు." తడి ఇసుక మీద వదిలాడు. అల వైపు వెళ్లిపోయింది.