ట్రకోమా పోయిందట కదా? అపోహలు - వాస్తవాలు

ఉదయగిరి, వింజమూరు వైపు కంటి క్యాంపుల్లో పనిచేస్తుంటాను. ట్రకోమా అంటే పదేపదే సోకి, రెప్ప లోపల మచ్చ పడి, వెంట్రుకలు లోపలికి తిరిగి చూపు పోగొట్టే కంటి అంటుజబ్బు. దాని గురించి అక్కడ తరచూ వినబడే మాటలకు నా జవాబులివి.

అపోహ: ట్రకోమా మన దేశంలో లేదు, ఇక పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: మన దేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిన మాట నిజమే. 1963లో మొదలైన జాతీయ కార్యక్రమం అక్కడిదాకా తెచ్చింది. కానీ ఆ ధ్రువీకరణకు ఒక లెక్కుంది. 1-9 ఏళ్ల పిల్లల్లో జబ్బు గుర్తులున్నవాళ్లు 5 శాతంలోపు ఉండాలి. పదిహేనేళ్లు దాటినవాళ్లలో రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి, ఇంకా వైద్యశాఖ దృష్టికి రానివాళ్లు వెయ్యికి ఇద్దరికన్నా తక్కువ ఉండాలి. అంటే క్రిమి పూర్తిగా మాయమైందని కాదు. చిన్నప్పుడు పదేపదే సోకినవాళ్లకు రెప్ప లోపల పడిన మచ్చ ఏ సర్టిఫికెట్‌తోనూ పోదు.

అపోహ: కళ్ళకలక ముదిరితే ట్రకోమా అవుతుంది.

వాస్తవం: కాదు. మామూలు కళ్ళకలక ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది, వారం రెండు వారాల్లో తగ్గిపోతుంది. ట్రకోమా క్లామిడియా అనే బ్యాక్టీరియా పని. పుసి కట్టిన పిల్లల ముఖం నుంచి చేతులకు, తువ్వాలుకు, ఈగలకు అంటుకుంటుంది. తల్లి అదే పైటకొంగుతో ఇద్దరు పిల్లల కళ్ళూ తుడిచి, తన కళ్ళూ తుడుచుకుంటుంది. ఈ జబ్బుతో చూపు పోయేది మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ, కారణం ఇదే. ఎదుటివాళ్ల కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందన్నది వట్టి మాట.

అపోహ: గుచ్చుకునే వెంట్రుక పీకేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ హాని ఇక్కడే జరుగుతోంది. కొందరు అవ్వల బొడ్డుసంచిలో వక్కాకుతో పాటు చిన్న పట్టకారు ఉంటుంది. పీకితే నాలుగు రోజులు హాయిగానే ఉంటుంది. తర్వాత మొలిచే పొట్టి మొలక బిరుసుగా నల్లగుడ్డును గీరుతుంది. గీరీ గీరీ పువ్వు (నల్లగుడ్డు మీద తెల్లమచ్చ) వేస్తుంది. రెప్ప అంచును బయటికి తిప్పే ఆపరేషన్ ఉంది, మత్తు రెప్పకు మాత్రమే ఇస్తారు. అది గీరుడు ఆపుతుంది కానీ పువ్వు వేసి పోయిన చూపును తెచ్చిపెట్టదు. అందుకే ముందే రావాలి. చాలామంది "పొర వచ్చిందిలే" అని శుక్లం ఆపరేషన్ కోసం ఎదురుచూస్తుంటారు, అది వేరు ఇది వేరు.

ఇంకోటి, మన దగ్గర లోపలికి తిరిగిన ప్రతి వెంట్రుకా ట్రకోమా వల్లే అనుకోకండి. వయసుతో రెప్ప వదులై ముడుచుకున్నా అలాగే అవుతుంది. పై రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లటి మచ్చ గీతలు కనబడతాయా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకుంటాం.

అపోహ: చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం పోస్తే చల్లబడుతుంది.

వాస్తవం: గీరుకున్న కంట్లో అవి పోస్తే పుండు పడే ప్రమాదం ఉంది. పోయకండి.

అపోహ: అజిత్రోమైసిన్ మాత్ర కొనుక్కుని వేసుకుంటే చాలు.

వాస్తవం: అది క్రిమిని చంపే మందు. దాన్ని జబ్బు ఎక్కువున్న ప్రాంతాల్లో మొత్తం జనానికి ఒకేసారి ఇస్తారు. లోపలికి తిరిగిన వెంట్రుకను ఏ మాత్రా బయటికి తిప్పదు.

ఇంట్లో పెద్దవాళ్లు వెలుతురు చూడలేక కన్ను మూసుకుంటూ, నీళ్లు కారుస్తూ ఉంటే తీసుకురండి. వచ్చేముందు మాత్రం వెంట్రుకలు పీకనివ్వకండి. పీకేసి వస్తే ఎన్ని లోపలికి తిరిగాయో మాకు సరిగా కనబడదు.