ఎస్‌ఓఎస్ అంటే ఆపదే అనుకుంటున్నారా? మిలిటరీ పొడి అక్షరాలు: అపోహలు – వాస్తవాలు

ఆర్మీలో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా వీధిలో ఏ మాజీ సైనికుడి ట్రంకు పెట్టె తెరిచినా అందులోని కాగితాలు చివరికి నా దగ్గరికే వస్తాయి.

అపోహ: ఎస్‌ఓఎస్ అని ఉంటే మనిషి ప్రాణాపాయంలో ఉన్నట్టే.

మొన్న ఒక కుర్రాడు చనిపోయిన వాళ్ళ నాన్న కాగితాల కట్ట తెచ్చాడు. ఒకదాంట్లో నంబరు, ర్యాంకు, పేరు, ఆ పక్కన ఎస్‌ఓఎస్, తేదీ. "అంకుల్, నాన్న ఆ రోజు ఏదైనా ప్రమాదంలో చిక్కుకున్నాడా? మాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు. ప్రమాదమేమీ లేదు, బదిలీ అయ్యాడంతే. స్ట్రక్ ఆఫ్ స్ట్రెంత్, అంటే ఆ యూనిట్ లెక్కలోంచి పేరు తీసేశారు. కట్టలో ఇంకో కాగితం మీద టీఓఎస్ ఉంది. టేకెన్ ఆన్ స్ట్రెంత్, కొత్త యూనిట్ లెక్కలో చేర్చుకున్నారు. "ఓ, మేం పఠాన్‌కోట్ వెళ్ళింది అప్పుడే" అని కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు.

అన్నట్టు, ఓడల ప్రమాద సంకేతం ఎస్‌ఓఎస్ కూడా 'సేవ్ అవర్ సోల్స్'కి పొడి అక్షరాలేం కాదు. 1906 బెర్లిన్ సమావేశంలో దాన్ని ఖాయం చేశారు. మోర్స్ కోడ్‌లో మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్ళీ మూడు చుక్కలు, వినగానే తెలిసిపోతుంది. ఆ అర్థం తర్వాత జనం అతికించిందే.

అపోహ: ఎన్‌ఓకే గడిలో ఎవరి పేరుంటే డబ్బంతా వాళ్ళదే.

ఇళ్ళల్లో గొడవలు పెట్టేది ఇదే. నెక్స్ట్ ఆఫ్ కిన్ అంటే జవానుకు ఏమైనా అయితే ముందు కబురు ఎవరికి పంపాలో చెప్పే పేరు. ఇన్సూరెన్స్, పీఎఫ్ లాంటివి నామినేషన్‌ను బట్టి వెళ్తాయి. ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల్లో మొదటి హక్కు భార్యది. కాకపోతే పెళ్ళయ్యాక పార్ట్ టూ ఆర్డర్ (జవాను వివరాల్లో మార్పును రికార్డులోకి ఎక్కించే ఆర్డర్) వేయించుకోకపోతే రికార్డులో ఆమె పేరే ఉండదు. అప్పుడు తిరగాల్సిన తిరుగుడు పగవాడికి కూడా వద్దు.

ఇక డీఎస్‌సీ. మన దగ్గర ఆ మాట వింటే టీచరు పోస్టులే గుర్తొస్తాయి. రిటైరైన జవాను "డీఎస్‌సీలో చేరాను" అంటే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్, రక్షణ శాఖ స్థావరాలకు కాపలా. పిల్లలకు పాఠాలు చెప్తాడనుకోకండి.

మాటల్లో ఎస్‌ఎం సాబ్ అంటే సుబేదార్ మేజర్. అదే ఎస్‌ఎం పేరు చివర కామా పెట్టి రాస్తే సేనా మెడల్. వీర్ చక్రకు మాత్రం వీసీ అని రాయకండి, అది విక్టోరియా క్రాస్‌ది. అందుకే మధ్యలో చిన్న ఆర్ పెడతారు.

సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు ఎల్‌ఓసీలో (లైన్ ఆఫ్ కంట్రోల్, నియంత్రణ రేఖ) అమరుడయ్యారని రాసేవాళ్ళు ఇప్పటికీ కనబడతారు. 2020 జూన్ 15న ఆయన నేలకొరిగిన గల్వాన్ ఉన్నది చైనా సరిహద్దులో, ఎల్‌ఏసీ (లైన్ ఆఫ్ యాక్చువల్ కంట్రోల్, వాస్తవాధీన రేఖ) దగ్గర. ఎల్‌ఓసీ పాకిస్తాన్ వైపుది, 1972 సిమ్లా ఒప్పందం తర్వాత ఖరారైంది. అయితే ఎయిర్‌ఫోర్స్ కుర్రాడి తల్లి "మావాడు ఎల్‌ఏసీ అయ్యాడు" అంటే కంగారు పడకండి. లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, ప్రమోషనే. స్వీట్లు అడగండి.